గీటురాయి మీద సమీకరణం

కువైట్ నగరానికి దక్షిణంగా సముద్రతీరం వెంట వెళితే ఫింతాస్ దాటిన తరువాత, మంగఫ్, ఫహాహీల్‌లకు ముందు అబూ హలీఫా వస్తుంది. అక్కడ ఏ మేడ పైకి ఎక్కి చూసినా మొదట కంటబడేవి నీళ్ల ట్యాంకులు. నది అన్నది లేని దేశం అది. సముద్రపు నీటి నుంచి ఉప్పును వేరుచేసి తయారు చేసుకున్న నీరే ఆ ట్యాంకుల్లోకి ఎక్కుతుంది, అక్కడి నుంచి ఇళ్లలోకి దిగుతుంది. కువైట్ వేసవి ఎంత తీవ్రమైనదో వేరే చెప్పనక్కర లేదు. 2016 జూలై 21న ఆ దేశపు ఎడారిలోని మిత్రిబా కేంద్రంలో నమోదైన 53.9 డిగ్రీల ఉష్ణోగ్రతను ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ధ్రువీకరించింది. అటువంటి ఎండాకాలంలో మేడమీది ట్యాంకు అడుగున అమర్చిన గొట్టం ఊడిపోయి నీరు కారిపోవడం మొదలైతే, ఇంటివారికి తోచే మొదటి ప్రశ్న ఒక్కటే: ట్యాంకు ఖాళీ కావడానికి ఇంకా ఎంతసేపు పడుతుంది?

ఈ ప్రశ్న నిజానికి ఒక అవకలన సమీకరణం. పిల్లలు డిఫరెన్షియల్ ఈక్వేషన్ అని చదువుకునేది దీనినే. కువైట్‌లోని భారతీయ పాఠశాలలు చాలావరకు సి.బి.యస్.ఇ. పాఠ్యక్రమాన్ని అనుసరిస్తాయి. ఆ పాఠ్యక్రమంలోని పన్నెండవ తరగతి గణితంలో "ఈ ప్రమేయం ఈ అవకలన సమీకరణానికి సాధన అవుతుందని సరిచూడండి" అనే తరహా ప్రశ్నలు తప్పక ఉంటాయి. విద్యార్థులు సాధారణంగా ఇవి తేలికైన మార్కులని భావించి, రెండు పంక్తుల్లో ముగించి ముందుకు సాగిపోతారు. అయితే తేలికగా కనిపించే ఈ "సరిచూడటం" వెనుక లోతైన ఆలోచన ఒకటి ఉన్నది. దానిని మేడమీది ట్యాంకు సాయంతోనే పరిశీలిద్దాం.

సాధించడం వేరు, సరిచూడటం వేరు

సామాన్య సమీకరణంలో మనకు తెలియనిది ఒక సంఖ్య. "ఏ సంఖ్యకు మూడు కలిపితే ఎనిమిది?" అంటే జవాబు అయిదు. అవకలన సమీకరణంలో మనకు తెలియనిది ఒక సంఖ్య కాదు, ఒక ప్రమేయం. అనగా కాలంతోపాటు ఒక రాశి ఎలా మారుతూ వస్తుందో చెప్పే పూర్తి కథ. సమీకరణం ఆ కథను నేరుగా చెప్పదు. ప్రతి క్షణంలోనూ మార్పు ఎంత వేగంగా జరుగుతున్నదో మాత్రమే చెబుతుంది. ఆ చిన్న చిన్న మార్పులను కూర్చి మొత్తం కథను రాబట్టడమే సాధించడం.

సాధించడం చాలాసార్లు కష్టం. దానికి సమాకలనం కావాలి, యుక్తి కావాలి, ఒక్కొక్కప్పుడు అదృష్టం కూడా కావాలి. ఎన్నో సమీకరణాలకు తెలిసిన ప్రమేయాలతో సాధన రాయడమే సాధ్యం కాదు. కాని ఎవరైనా ఒక ప్రమేయాన్ని తెచ్చి "ఇదిగో సాధన" అంటే, అది నిజమో కాదో తేల్చడానికి అంత శ్రమ అక్కరలేదు. అవకలజం కనుక్కోవడం వచ్చినవారెవరైనా ఆ పని చేయగలరు. నగ చేయడానికి కంసాలి నైపుణ్యం కావాలి. అది బంగారమో ఇత్తడో తెలుసుకోవడానికి గీటురాయి మీద ఒక గీత చాలు. సరిచూడటం గణితానికి అటువంటి గీటురాయి.

మన దేశపు గణితజ్ఞులకు ఈ భేదం కొత్తది కాదు. క్రీ.శ. 629లో ఆర్యభటీయానికి వ్యాఖ్యానం రచించిన మొదటి భాస్కరుడు, వచ్చిన ఫలితాన్ని మరో మార్గంలో పరీక్షించి నమ్మకం కలిగించుకోవడాన్ని "ప్రత్యయకరణం" అన్నాడు. ప్రత్యయం అంటే నమ్మకం. లెక్క చేయడంతో పని సగమే అవుతుంది, నమ్మకం కలిగించడంతో పూర్తవుతుంది. 1150లో సిద్ధాంత శిరోమణిని రచించిన రెండవ భాస్కరుడు గ్రహాల "తాత్కాలిక గతి"ని, అంటే ఒకానొక క్షణంలో వాటి వేగాన్ని గురించి చర్చించాడు. క్షణవేగం అనే ఆ భావనే అవకలన సమీకరణాలకు పునాది.

టారిచెల్లి చెప్పిన నియమం

ట్యాంకు దగ్గరకు వద్దాం. గెలీలియో శిష్యుడైన ఇటలీ శాస్త్రజ్ఞుడు టారిచెల్లి 1644లో ప్రకటించిన గ్రంథంలో ఒక నియమాన్ని తెలిపాడు. పాత్ర అడుగున ఉన్న రంధ్రం గుండా నీరు వెలువడే వేగం, రంధ్రం పైన ఉన్న నీటి ఎత్తుకు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. నీరు నాలుగు రెట్లు ఎత్తుగా ఉంటే ధార వేగం రెండింతలు మాత్రమే అవుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ధార జోరుగా దూకడం, అడుగంటుతున్నకొద్దీ నీరసించిపోవడం అందరూ చూసినదే.

మన ట్యాంకు అడుగు వైశాల్యం ఒక చదరపు మీటరు, అందులో నీటి ఎత్తు ఒక మీటరు అనుకుందాం. అంటే సరిగ్గా వెయ్యి లీటర్లు. అడుగు నుంచి సుమారు ఒక సెంటీమీటరు మందం గల ధార కారుతున్నది. నీటి ఎత్తును సెంటీమీటర్లలో "ఎ" అని, గడిచిన కాలాన్ని నిమిషాలలో "కా" అని రాసుకుందాం. ఈ కొలతలకు టారిచెల్లి నియమాన్ని అన్వయిస్తే దాదాపుగా ఈ సమీకరణం వస్తుంది:

ఎ మారే రేటు = − (1/5) × √ఎ

ఋణ గుర్తు నీరు తగ్గుతున్నదని చెబుతుంది. మొదటి క్షణంలో ఎత్తు 100, దాని వర్గమూలం 10. కనుక నీరు నిమిషానికి 2 సెంటీమీటర్ల చొప్పున, అంటే 20 లీటర్ల చొప్పున తగ్గుతుంది. "కా సున్న అయినప్పుడు ఎ విలువ 100" అన్నది మన తొలి నిబంధన. సమీకరణం నీరు కారే పద్ధతిని చెబుతుంది, తొలి నిబంధన కారడం ఎక్కడ మొదలైందో చెబుతుంది. ఈ రెండూ కలిస్తేనే ప్రశ్న పూర్తవుతుంది.

ముగ్గురు తెచ్చిన మూడు జవాబులు

ఈ ప్రశ్నకు ముగ్గురు విద్యార్థులు మూడు జవాబులు తెచ్చారనుకోండి.

మొదటివాడి జవాబు: ఎ = 100 − 2 × కా. నిమిషానికి రెండు సెంటీమీటర్లు తగ్గుతున్నాయి కదా, కాబట్టి యాభై నిమిషాల్లో ట్యాంకు ఖాళీ అని అతని వాదం.

రెండవవాడి జవాబు: ఎ = (9 − కా/10)².

మూడవవాడి జవాబు: ఎ = (10 − కా/10)².

వీరు ఈ జవాబులను ఎలా రాబట్టారో మనం అడగనక్కర లేదు. పుస్తకం చూసి రాశారా, ఊహించారా, పక్కవాడిని అడిగారా అన్నది అప్రస్తుతం. ప్రతి జవాబుకూ రెండే పరీక్షలు. మొదటిది: దాని అవకలజం సమీకరణాన్ని తృప్తిపరుస్తున్నదా? రెండవది: తొలి నిబంధన నెరవేరుతున్నదా?

మొదటివాడి జవాబులో కా స్థానంలో సున్న వేస్తే 100 వస్తుంది. తొలి నిబంధన నెరవేరింది. ఇక అవకలజం −2. సమీకరణం ప్రకారం అది − (1/5) × √ఎ కావాలి. ఆరంభంలో √ఎ విలువ 10 గనుక అదీ −2. చక్కగా సరిపోయింది! ఇక్కడితో ఆగిపోతే ఈ జవాబుకు పూర్తి మార్కులు పడతాయి. కాని పద్దెనిమిదవ నిమిషంలో చూడండి. అతని సూత్రం ప్రకారం నీటి ఎత్తు 64, దాని వర్గమూలం 8, సమీకరణం కోరే రేటు −1.6. అతని సూత్రంలోని రేటు మాత్రం ఇంకా −2 వద్దనే నిలిచి ఉన్నది. ధార నీరసించినా అతని లెక్క నీరసించలేదు. జవాబు తప్పు.

రెండవవాడి జవాబుకు అవకలజం కనుక్కుందాం. వర్గం యొక్క అవకలజం రెండు రెట్లు లోపలి రాశి, దానిని లోపలి రాశి అవకలజంతో గుణించాలి. లోపలి రాశి (9 − కా/10), దాని అవకలజం −1/10. గుణిస్తే − (1/5) × (9 − కా/10) వస్తుంది. బ్రాకెట్టులో ఉన్నది √ఎ తప్ప మరొకటి కాదు. కనుక సమీకరణం తృప్తి చెందింది. అయితే కా సున్న అయినప్పుడు ఎ విలువ 81. ఇతని లెక్కలో ఏ తప్పూ లేదు, కాని అది వేరొక ట్యాంకు కథ. 81 సెంటీమీటర్ల నీటితో మొదలైన పక్క మేడ ట్యాంకుకు ఇది సరైన జవాబు, మన ట్యాంకుకు కాదు.

మూడవవాడి జవాబు రెండు పరీక్షలనూ దాటుతుంది. అవకలజం − (1/5) × (10 − కా/10), అంటే − (1/5) × √ఎ. కా సున్న అయితే ఎ విలువ 100. ఈ సూత్రం ప్రకారం యాభై నిమిషాలు గడిచేసరికి నీటి ఎత్తు 25 సెంటీమీటర్లు. అంటే సగం కాలంలోనే మూడు వంతుల నీరు పోయింది. మిగిలిన నాలుగవ వంతు పోవడానికి మరో యాభై నిమిషాలు పడుతుంది. తొంభయ్యవ నిమిషంలో ఒక్క సెంటీమీటరు, నూరవ నిమిషంలో సున్న. యాభై నిమిషాల్లో అంతా పోతుందనుకున్న మొదటివాడు అప్పటికే చేతులెత్తేసి ఉండేవాడు. ఇంకా రెండువందల యాభై లీటర్ల నీరు ట్యాంకులో మిగిలే ఉన్నది. బయట యాభై డిగ్రీల ఎండ కాస్తున్న రోజున ఆ రెండువందల యాభై లీటర్లు ఒక కుటుంబానికి ఎంత విలువైనవో ఊహించుకోవచ్చు.

ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు పెద్దలు. అన్నం విషయంలో ఇది నిజమే. గిన్నెలోని మెతుకులన్నీ ఒకే నీటిలో, ఒకే మంట మీద ఉడికాయి. ప్రమేయం విషయంలో మాత్రం ఒక్క మెతుకు చాలదు. మొదటివాడి జవాబు తొలి క్షణం అనే మెతుకును పట్టి చూసినప్పుడు పూర్తిగా ఉడికినట్లే కనిపించింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. తొలి నిబంధన ఒక్క క్షణానికి సంబంధించినది. దానిని ఆ ఒక్క క్షణంలో పరీక్షిస్తే సరిపోతుంది. అవకలన సమీకరణం ప్రతి క్షణానికీ సంబంధించినది. దానిని ఏదో ఒక కాలం విలువకు కాక, కా అనే అక్షరాన్ని అక్షరంగానే ఉంచి, అన్ని క్షణాలకూ ఒకేసారి పరీక్షించాలి. బీజగణితం మనకు ఇచ్చిన గొప్ప సౌకర్యం ఇదే. అనంతమైన మెతుకులను ఒక్క పంక్తిలో పట్టి చూడవచ్చు. ఒక జవాబు తప్పని నిరూపించడానికి మాత్రం ఉడకని మెతుకు ఒక్కటి దొరికితే చాలు. మొదటివాడి విషయంలో పద్దెనిమిదవ నిమిషం అటువంటి మెతుకు.

నూరవ నిమిషం తరువాత

మూడవవాడు గెలిచాడని సంతోషించే ముందు మరొక్క ప్రశ్న అడుగుదాం. అతని సూత్రంలో కా విలువ 120 వేస్తే ఏమవుతుంది? పదిలోంచి పన్నెండు తీసివేస్తే −2, దాని వర్గం 4. రెండు గంటలు గడిచేసరికి ఖాళీ ట్యాంకులో నాలుగు సెంటీమీటర్ల నీరు దానంతట అదే చేరిందని సూత్రం చెబుతున్నది. రెండువందల నిమిషాలకు ట్యాంకు మళ్లీ నిండిపోతుంది! ఇది నిజమైతే ఉప్పునీటిని మంచినీరుగా మార్చే కర్మాగారాలు కువైట్‌కు అవసరమే ఉండేవి కావు.

లోపం ఎక్కడున్నది? సరిచూసేటప్పుడు మనం (10 − కా/10) అనే రాశినే √ఎ అన్నాము. వర్గమూలం గుర్తు ఎల్లప్పుడూ ధన విలువనే సూచిస్తుంది. కా విలువ 100 దాటిన తరువాత బ్రాకెట్టులోని రాశి ఋణమవుతుంది, కనుక అది √ఎ కాజాలదు. నూట ఇరవయ్యవ నిమిషంలో సూత్రం ఇచ్చే రేటు +0.4. సమీకరణం కోరే రేటు −0.4. సంఖ్య సరిపోయింది, గుర్తు తిరగబడింది. సరిచూడటంలో అజాగ్రత్త వహించినవారు ఈ గుర్తు దగ్గరే మోసపోతారు.

కాబట్టి పూర్తి జవాబును రెండు భాగాలుగా రాయాలి. నూరు నిమిషాల వరకు ఎ = (10 − కా/10)², ఆ తరువాత ఎ = 0. రెండవ భాగం కూడా సమీకరణాన్ని తృప్తిపరుస్తుంది. సున్న యొక్క అవకలజం సున్న, సున్న వర్గమూలం సున్న. రెండు భాగాలూ కలిసే నూరవ నిమిషంలో ఎత్తూ సున్నే, రేటూ సున్నే. అతుకు కనిపించనంత నునుపుగా అవి కలుస్తాయి. ఒక సూత్రాన్ని సరిచూడటం అంటే, అది ఏ అవధి వరకు నిజమో చెప్పడం కూడా అందులో భాగమే.

ఖాళీ ట్యాంకు గతాన్ని చెప్పదు

ఇదే ట్యాంకు మరొక రహస్యాన్ని కూడా చెబుతుంది. ఉదయం మేడపైకి వెళ్లి చూస్తే ట్యాంకు ఖాళీగా ఉన్నదనుకోండి. నీరు ఎప్పుడు అయిపోయింది? గంట క్రితమా, అర్ధరాత్రా, లేక నిన్నటి నుంచీ అసలు నీరే లేదా? ఈ మూడు కథలూ ఒకే సమీకరణాన్ని తృప్తిపరుస్తాయి. మూడింటిలోనూ ఇప్పటి ఎత్తు సున్న. అంటే "ఈ క్షణంలో ఎత్తు సున్న" అనే నిబంధనకు సాధన ఒక్కటి కాదు, లెక్కలేనన్ని. ట్యాంకులో పది సెంటీమీటర్ల నీరు మిగిలి ఉన్నప్పుడు మాత్రం గతాన్ని ఒకే విధంగా వెనక్కి లెక్కకట్టవచ్చు.

కనుక ఒక ప్రమేయం సాధన అని సరిచూసినంత మాత్రాన అదే ఏకైక సాధన అని తేలదు. ఏకైకత వేరే ప్రశ్న. 19వ శతాబ్దంలో కోషీ, లిప్‌షిట్జ్, పియానో వంటి గణితజ్ఞులు దీనిని మథించి, ఏ పరిస్థితుల్లో సాధన ఉంటుందో, ఎప్పుడు అది ఒక్కటే అవుతుందో తేల్చారు. స్థూలంగా చెప్పాలంటే, ఎత్తు కొద్దిగా మారినప్పుడు రేటు కూడా హద్దులో మారితే సాధన ఒక్కటే. వర్గమూలం సున్న దగ్గర ఆ హద్దును దాటిపోతుంది. అక్కడ దాని వాలు అనంతం. ఖాళీ ట్యాంకు మతిమరపుకు కారణం అదే.

చల్లారే టీ, వేడెక్కే మజ్జిగ

వర్గమూలం చేసే ఇటువంటి చిక్కులు లేని సమీకరణం కావాలంటే టీ కప్పు దగ్గరకు వెళ్లాలి. వేడి వస్తువు చల్లారే రేటు దానికీ పరిసరాలకూ ఉన్న ఉష్ణోగ్రతా భేదానికి అనుపాతంలో ఉంటుందన్న భావాన్ని న్యూటన్ 1701లో రాయల్ సొసైటీ పత్రికలో, తన పేరు లేకుండా, ప్రకటించాడు. గది ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, టీ 85 డిగ్రీలు, భేదం 60. ఈ భేదం ప్రతి పది నిమిషాలకూ సగం అవుతుందనుకుందాం. అప్పుడు పది నిమిషాలకు టీ 55 డిగ్రీలు, ఇరవై నిమిషాలకు 40, ముప్పై నిమిషాలకు 32.5. జవాబును మాటల్లో చెప్పాలంటే: 25 కు, పది నిమిషాలకొకసారి సగమయ్యే 60 ని కలపాలి.

సరిచూద్దాం. 25 స్థిరరాశి గనుక దాని అవకలజం సున్న. పది నిమిషాలకొకసారి సగమయ్యే రాశి అవకలజం, ఆ రాశికే −0.0693 రెట్లు. ఈ సంఖ్య ఎక్కడిదంటే, 2 యొక్క సహజ సంవర్గమానం 0.693, దానిని పదితో భాగించాము. ఆ రాశి ఉష్ణోగ్రతా భేదమే గనుక సమీకరణం తృప్తి చెందింది. కాలం సున్న అయినప్పుడు 25 + 60 = 85. తొలి నిబంధన కూడా నెరవేరింది.

చాలామంది చేసే పొరపాటు, భేదాన్ని కాక మొత్తం 85నే పది నిమిషాలకొకసారి సగం చేయడం. తొలి నిబంధన ఇక్కడ కూడా నెరవేరుతుంది. కాని ఇరవై నిమిషాలకు టీ 21.25 డిగ్రీలకు చేరుతుంది. 25 డిగ్రీల గదిలో పెట్టిన టీ గదికన్నా చల్లబడిందన్నమాట! సమీకరణంలో వేసి చూస్తే ఈ తప్పు మొదటి పంక్తిలోనే బయటపడుతుంది.

అదే సమీకరణం తలక్రిందులుగా కూడా పనిచేస్తుంది. 45 డిగ్రీల వరండాలో 5 డిగ్రీల చల్లని మజ్జిగ పెడితే భేదం −40. పాత్రను బట్టి సగమయ్యే కాలం మారవచ్చు, కాని భేదం సగం, మళ్లీ సగం అవుతూనే పోతుంది. మజ్జిగ 25కు, ఆ పైన 35కు, ఆ పైన 40కి చేరుతుంది. సమీకరణం ఒక్కటే. తొలి నిబంధన మారినందున ఒకటి చల్లారింది, మరొకటి వేడెక్కింది.

పంచదార పాకంలో ఒక పరీక్ష

రసాయనశాస్త్రంలో అవకలన సమీకరణం అడుగుపెట్టిన సందర్భం కూడా వంటింటికి దగ్గరదే. పంచదార పాకం తిరిగి పలుకులు కట్టకుండా నాలుగు చుక్కలు నిమ్మరసం పిండడం గృహిణులకు తెలిసినదే. ఆమ్లం సమక్షంలో పంచదార కొంత విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. 1850లో జర్మన్ శాస్త్రజ్ఞుడు లుడ్విగ్ విల్‌హెల్మీ ఈ మార్పు ఎంత వేగంగా జరుగుతుందో కొలిచాడు. పంచదార ద్రావణం ధ్రువిత కాంతిని కుడివైపుకు త్రిప్పుతుంది, విడిపోయిన మిశ్రమం ఎడమవైపుకు త్రిప్పుతుంది. కనుక ద్రావణాన్ని కదపకుండానే కాంతి తిరిగిన కోణాన్ని చూసి ఎంత పంచదార మిగిలిందో చెప్పవచ్చు. మార్పు రేటు మిగిలిన పంచదారకు అనుపాతంలో ఉంటుందని ఆయన సమీకరణం రాశాడు, దానిని సాధించాడు, సాధనను కొలతలతో పోల్చి చూశాడు. చాలా ఏళ్ల తరువాత ఆస్ట్‌వాల్డ్ గుర్తుచేసేవరకు ఈ కృషి మరుగునే ఉండిపోయింది.

విల్‌హెల్మీ చేసిన పనిలో రెండు వేర్వేరు పరీక్షలున్నాయి. ప్రమేయం సమీకరణాన్ని తృప్తిపరుస్తున్నదా అన్నది కాగితం మీద తేలే పరీక్ష. ఆ సమీకరణం ప్రకృతికి తగినదా అన్నది ప్రయోగశాలలో మాత్రమే తేలే పరీక్ష. మొదటి పరీక్షలో నూటికి నూరు పాళ్లు నెగ్గిన సాధన రెండవ పరీక్షలో ఓడిపోవచ్చు. మన ట్యాంకు లెక్కలో నీరు నేరుగా అడుగు రంధ్రం గుండా పడుతున్నది గనుక టారిచెల్లి నియమం సరిపోయింది. అబూ హలీఫాకు దక్షిణాన ఉన్న మీనా అల్ అహ్మదీ రేవు నుంచి 1946 జూన్ 30న కువైట్ ముడి చమురు తొలిసారి ఎగుమతి అయింది. అహ్మదీ మిట్ట మీది పెద్ద ట్యాంకుల నుంచి చమురు గురుత్వాకర్షణ బలంతోనే తీరానికి దిగేలా అక్కడ ఏర్పాటు చేశారు. సూత్రం అదే, కాని మైళ్ల పొడవైన గొట్టాల్లో ఘర్షణ ఎక్కువ, చమురు చిక్కన. అక్కడ సమీకరణమే మారిపోతుంది. పాత సమీకరణానికి సాధనను ఎంత శ్రద్ధగా సరిచూసినా ప్రయోజనం ఉండదు.

ఉయ్యాలకు రెండు నిబంధనలు

ట్యాంకుకూ టీకీ ఒక్క తొలి నిబంధన చాలింది. ఉయ్యాలకు చాలదు. మధ్యస్థానం నుంచి ఎంత దూరం జరిగితే అంత బలంగా వెనక్కి లాగబడటం ఉయ్యాల స్వభావం. తగిన ప్రమాణాలు ఎంచుకుంటే, స్థానం యొక్క రెండవ అవకలజం ఆ స్థానానికే ఋణ విలువ. సైన్ ప్రమేయం, కొసైన్ ప్రమేయం రెండూ ఈ సమీకరణాన్ని తృప్తిపరుస్తాయి. ఒక పక్కకు లాగి వదిలిన ఉయ్యాల కథ కొసైన్. మధ్యలో నిశ్చలంగా ఉన్నదానిని ఒక్క తోపు తోసిన కథ సైన్. ఏ కథో తెలియాలంటే మొదట ఎక్కడున్నదో, ఎంత వేగంతో కదిలిందో రెండూ చెప్పాలి.

ఉదాహరణకు తొలి స్థానం 3, తొలి వేగం 4 అయితే సాధన: 3 కొసైన్ కా + 4 సైన్ కా. ఒకసారి అవకలనం చేస్తే −3 సైన్ కా + 4 కొసైన్ కా. రెండవసారి చేస్తే −3 కొసైన్ కా − 4 సైన్ కా, అంటే మొదటి ప్రమేయానికే ఋణ విలువ. కా సున్న అయినప్పుడు స్థానం 3, వేగం 4. మూడూ సరిపోయాయి. సమీకరణంలో ఎన్నవ అవకలజం ఉంటే అన్ని తొలి నిబంధనలను సరిచూడాలన్నది గుర్తుంచుకోదగిన సూత్రం.

విద్యార్థులకు నాలుగు మాటలు

పరీక్షలో తరచుగా జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది, అవకలనం చేయకముందే కా స్థానంలో సున్న వేయడం. అలా చేస్తే 100 అనే స్థిరరాశి మాత్రమే మిగులుతుంది, దాని అవకలజం సున్న, సరైన సాధన కూడా తప్పుగా కనిపిస్తుంది. ముందు అవకలనం, తరువాతే విలువ. రెండవది, సమీకరణం నిజమేనని ముందే అనుకుని రెండు పక్కలనూ కలిపి సాగించడం. నిరూపించవలసినదానినే ఆధారం చేసుకోరాదు. ఎడమ పక్క ఎంతో విడిగా, కుడి పక్క ఎంతో విడిగా లెక్కగట్టి, ఆపైన పోల్చాలి. మూడవది, వర్గమూలం, సంవర్గమానం, భాగహారం వచ్చినచోట ప్రమేయం ఏ అవధిలో నిజమో చెప్పకపోవడం. నాలుగవది, సమీకరణం తృప్తి చెందగానే తొలి నిబంధనను మరచిపోవడం. పక్క మేడ ట్యాంకు జవాబు మన ట్యాంకుకు పనికిరాదు.

నేడు చేతిలోని ఫోను సైతం ఎంత కష్టమైన అవకలన సమీకరణానికైనా క్షణంలో ఏదో ఒక జవాబు చూపగలదు. అది చూపిన జవాబు సరైనదో కాదో చూడవలసిన బాధ్యత మాత్రం అడిగినవారిదే. సాధించే శ్రమ యంత్రానికి అప్పగించిన రోజుల్లో సరిచూసే నేర్పు విలువ పెరుగుతుందే గాని తరగదు.

ఇందులో తల్లిదండ్రులకు కూడా ఒక మంచి అవకాశమున్నది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ప్రచురించిన పుస్తకాల్లో ప్రమేయం, అవకలజం, సాధన అనే మాటలతో ఇంటర్మీడియట్ చదువుకున్నవారు గల్ఫ్ దేశాల్లో ఎందరో ఉన్నారు. పిల్లలు అవే సంగతులను ఇంగ్లీషు మాటల్లో చదువుతున్నందువల్ల, తమకు తెలియదేమోనన్న సంకోచంతో వారు దూరంగా ఉండిపోతారు. సమాకలన పద్ధతులు మరచిపోయి ఉండవచ్చు. కాని అవకలజం కనుక్కోవడం, సున్న వేసి చూడటం అంత తేలికగా మరచిపోయేవి కావు. బిడ్డ తెచ్చిన జవాబును సరిచూడటానికి ఆ రెండే కావాలి. పని నుంచి ఇంటికి చేరిన తండ్రో తల్లో ఒక కాగితం తీసుకుని "ఏదీ, అవకలనం చేసి చూద్దాం" అంటే చాలు. మాటలు రెండు భాషలవైనా గీటురాయి ఒక్కటే. దాని మీద గీత నిలిస్తే బంగారం, నిలవకపోతే మరొక ప్రయత్నం.